ఏమీ అక్కరలేని బండి

2025 సంక్రాంతికి మా యింటికి కరెంటు స్కూటరు వచ్చింది.

మా వూరు లింగాల. నేను పాఠాలు చెప్పుకొనేది పులివెందులలో. మా అబ్బాయి యింటరు చదివేదీ అక్కడే. రెంటికీ నడుమ అరటితోటలు, చీనీతోటలు, మా తండ్రీకొడుకుల ఓపికను పరీక్షించే బస్సు. ఆ బస్సు కోసం చెట్టు కింద నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మేము గడిపిన ప్రొద్దులన్నీ కూడబెట్టి వుంటే, నేనీపాటికి ఒక ప్రబంధానికి వ్యాఖ్యానం వ్రాసి ముగించి వుండేవాణ్ణి.

"వాడికి ఒక బండి కొనివ్వరాదా?" అని మా ఆవిడ మొదలుపెట్టింది. వాడికి పదిహేడో యేడు. మామూలు పెట్రోలు బండి నడపడానికి లైసెన్సు రాదు. ఆ మాటే చెప్పాను. "బ్యాటరీ బండికి అవేమీ వుండవట" అన్నది. ఎవరు చెప్పారో నేనడగలేదు. వీధిలో నాలుగు బండ్లు తిరుగుతుంటే ఒకరు చెప్పేదేముంది!

దుకాణంలో అతను నా ముందు మంత్రంలాగా మూడు మాటలు చదివాడు. "లైసెన్సు అక్కరలేదు సార్. రిజిస్ట్రేషను అక్కరలేదు. ఇన్సూరెన్సు అక్కరలేదు."

నేను తెలుగు ఎం.ఏ. పద్యానికి ప్రతిపదార్థం చెప్పి జీతం తీసుకొనేవాణ్ణి. అయినా ఆ మూడు 'అక్కరలేదు'లకు తాత్పర్యమేమిటో విచారించాలని ఆనాడు నాకు తోచలేదు. డబ్బు కట్టి, కొబ్బరికాయ కొట్టించి, నిమ్మకాయలు తొక్కించి, బండిని యింటికి తెచ్చాను.

అతను అబద్ధమాడాడని అనను. మోటారు శక్తి 250 వాట్లకు లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు వుండి, యింకా కొన్ని షరతులకు లోబడిన బ్యాటరీ బండి చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు. ఇంచుమించు సైకిలుతో సమానం. ఆ హద్దు దాటితే మాత్రం పెట్రోలు బండికున్న నియమాలన్నీ దానికీ వున్నాయి. రిజిస్ట్రేషను చేయించి ఆకుపచ్చ నంబరు పలక తగిలించాలి, నడిపేవారికి లైసెన్సు వుండాలి, బీమా వుండాలి. మేము కొన్నది హద్దుకు లోపలి బండి. కాగితం మీద 25 అనే వ్రాసి వుంది.

తొలిరోజుల్లో మా ఆవిడ దాన్ని పడసాలలో పెట్టి రాత్రంతా చార్జింగు పెట్టేది. పెరట్లో పెడితే యెవరైనా తీసుకుపోతారని ఆమె భయం. ఆ భయాన్ని మరిపించే భయం మే నెలలో వచ్చింది. మా కడప జిల్లాలోనే, యెర్రగుంట్ల మండలం పోట్లదుర్తిలో, యింట్లో చార్జింగు పెట్టిన స్కూటరు తెల్లవారుజామున పేలిపోయింది. దగ్గరలో సోఫా మీద నిద్రపోతున్న పెద్దావిడ చనిపోయింది. ఆ వార్త చదివిన పూటనే మా బండి పడసాల విడిచి పెరట్లో రేకుల కింద చేరింది.

ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోను, విజయవాడలోను యిలాగే యింట్లో బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ యేడే సెప్టెంబరు 12న సికింద్రాబాదులో కరెంటు స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పొగ పైనున్న హోటలును కమ్ముకొని 8 మంది బలయ్యారు.

మా భౌతికశాస్త్రం లెక్చరరు నాకు దాని మర్మం విప్పి చెప్పాడు. బ్యాటరీ అంటే ఒకే ముద్ద కాదు, చిన్న చిన్న సెల్లుల పేర్పు. లోపం వల్లనో, దెబ్బ తగిలియో, సరిపడని చార్జరు పెట్టడం వల్లనో ఒక సెల్లు మితిమీరి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్లుకు పాకుతుంది. అక్కడినుంచి యింకోదానికి. కొట్టం కప్పుకు ఒక మూల నిప్పంటుకొంటే చాలదూ? ఆ 2022 ప్రమాదాల తరువాతనే ప్రభుత్వం బ్యాటరీల పరీక్షలను కఠినం చేసింది. కొత్త నియమాలు 2022 డిసెంబరులో కొన్ని, 2023 మార్చి ఆఖరున కొన్ని అమలులోకి వచ్చాయి. అయితే నియమం బండిని పరీక్షిస్తుందిగాని, మనం దాన్ని మంచం పక్కన పెట్టుకుంటున్నామా, వాకిటికి అడ్డంగా పెట్టుకుంటున్నామా అని రాత్రిపూట వచ్చి చూడదు గదా!

అటువంటి ప్రమాదమే జరిగితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వుంది. వస్తువులోని లోపం వల్ల ప్రాణానికో, ఒంటికో, యింటికో నష్టం జరిగితే తయారుచేసినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ పరిహారం అడగవచ్చు. మనమున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. రెండేళ్ళలోపు వేయాలి. బండి ధర 5 లక్షలు దాటకపోతే రుసుము కూడా లేదు. బిల్లు, వారంటీ కాగితం దాచుకోవాలి. కాలిన బ్యాటరీని పారవేయకూడదు, అదే సాక్షి. బండిని మనం మార్పించి వుంటే మాత్రం అమ్మినవాడు తప్పించుకొంటాడు.

ఈ చివరి మాట నేనప్పుడు చదివి వదిలేశాను. ఇంత తెలుసుకొన్నాం, బండిని పెరట్లో పెట్టాం, యిక ప్రమాదం లేదని మా దంపతులం నిశ్చింతగా వున్నాం.

కార్తీకమాసంలో ఒక సాయంకాలం. దీపాలు పెట్టే వేళ. అరటితోటలో పని ముగించుకొని ఒకామె తలమీద గడ్డిమోపుతో రోడ్డు అంచున యింటికి నడిచి వస్తున్నది. యాభైయైదేళ్ళుంటాయి. మాకు పరాయిది కాదు, మా చేలో కూడా యెన్నో కార్లు కలుపు తీసిన మనిషి. వెనకనుంచి మావాడు బండిమీద వస్తున్నాడు. తలమీద మోపు వున్న మనిషి వెనక్కు తిరిగి చూడలేదు. చెవే ఆమెకు కన్ను. ఆ బండికి శబ్దం లేదు.

పడిపోయిన ఆమెను లేవదీసింది దారినపోయే ట్రాక్టరతను. 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా వుండి, "నన్ను సాక్ష్యానికి తిప్పుతారేమో సారూ" అని నాతో గొణిగాడు. పాపం, ఆ భయమే యెందరినో రోడ్డుమీద చావనిచ్చింది. నిజానికి ఆదుకున్నవాణ్ణి యెవరూ వేధించకూడదని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణను చేర్చారు. పేరు చెప్పడం, చెప్పకపోవడం అతని యిష్టం.

ఆసుపత్రిలో తేలింది, యెడమ తొడ యెముక విరిగింది. ఆపరేషను చేసి లోపల కడ్డీ వేయాలన్నారు. నేను మంచం పక్కన నిలబడితే ఆమె తిట్టలేదు. "సద్దు లేదు గదప్పా! సద్దుంటే పక్కకు జరిగేదాన్ని" అన్నది. తప్పు తనదేనేమో అన్నట్టుగా అన్నది. నాకు ఆ మాట యిప్పటికీ తరగతిలో పాఠం నడుమ వినబడుతుంది.

ఐరోపా దేశాల్లో 2019 నుంచి కొత్త రకం కరెంటు కార్లు మెల్లగా పోయేటప్పుడు యేదో ఒక చప్పుడు చేసి తీరాలని నియమం పెట్టారు. అది కార్ల వంటి పెద్ద బండ్ల మాట. గడ్డిమోపు మోసుకొనే ఆడమనిషి వెనకవచ్చే రెండు చక్రాల బండిని గురించి ఆ నియమం చేసినవారు తలచుకొని వుండరు.

మరునాడు వూరి పెద్దమనుషులు మా అరుగుమీద కూర్చున్నారు. "ఆస్పత్రి ఖర్సు కార్డు మీద జరిగిపోతాది సారూ. మీరు ఒక ముప్పైవేలు ఆమె కొడుకు చేతిలో పెట్టండి. కాగితం రాయించుకుందాం. పిల్లోని సదువు పాడయితే మల్లొస్తాదా?" అన్నారు. మంచిమాటే అనిపించింది. ఆమె కొడుకు కూడా చేతులు కట్టుకొని నిలబడి, "మీరు పెద్దోళ్ళు. మీరెట్ల జెప్తే అట్ల" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది. ఎందుకు కుదుటపడిందో తలచుకొంటే యిప్పుడు సిగ్గుగా వుంది.

కాగితం యెలా వ్రాయాలో కనుక్కొందామని మావాణ్ణి వెంటబెట్టుకొని పులివెందులలో లాయరు మిత్రుడి దగ్గరికి పోయాను. కాలేజీనాటి స్నేహితుడు. అంతా విని ఒక్క ప్రశ్న వేశాడు.

"బండి వేగమెంత?"

"ఇరవై అయిదు."

"నువ్వు నడిపి చూశావా?"

"కాగితం మీద వుంది."

"కాగితం సంగతి కాదయ్యా, బండి సంగతి అడుగుతున్నా."

నేను మావాడివైపు తిరిగాను. వాడు చెప్పులవైపు చూస్తున్నాడు. "నలభై పోతాది నాయనా" అన్నాడు. ఎవరో మెకానిక్కు దగ్గర అయిదువందలిచ్చి వేగానికి వేసిన కట్టు తీయించాడట. వాడి స్నేహితులందరూ తీయించుకున్నారట. 25 నుంచి 40కి అంటే యేదో పదిహేను యెక్కువ అనుకొంటాం. కాని వేగంతోపాటు దెబ్బ బలం దాని వర్గంగా పెరుగుతుంది. లెక్క వేస్తే రెండున్నర రెట్లు.

మిత్రుడు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అయితే విను. బండి 25కు లోపుదే అయి వుంటే అది మోటారు వాహనం కాదు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునలుకు పోవడానికి ఆమెకు దారి లేదు. బీమా కంపెనీ లేదు. సివిలు కోర్టులో నీమీద దావా వేయాలి, దానికి అడిగిన మొత్తాన్నిబట్టి కోర్టు ఫీజు. కూలిపనిచేసే మనిషి యెన్నాళ్ళు తిరుగుతుంది? నీ ముప్పైవేలే ఆమెకు మహాభాగ్యం. కట్టు తీసిన బండి అయితే కథ వేరు. అది మోటారు వాహనం. ఆమె ట్రిబ్యునలుకు పోవచ్చు. 2022 నుంచి అమలులోవున్న నిబంధన ప్రకారం, తప్పెవరిదని రుజువు చేయకుండానే, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు అడగవచ్చు. యెముక విరిగితే తీవ్రగాయమే. ప్రాణం పోతే అయిదు లక్షలు. అంతకన్నా యెక్కువ నష్టమయితే తప్పు రుజువు చేసి అదీ అడగవచ్చు. బీమా లేదు గనుక యిచ్చుకోవలసినవాడివి నువ్వు."

"ఇంకా?"

"ఇంకా వుంది. మైనరు నడిపి నేరం జరిగితే, తండ్రికి మూడేళ్ళదాకా శిక్ష, 25,000 జరిమానా. పిల్లవాడికి 25 యేళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు. నీకు తెలియకుండా జరిగిందని రుజువు చేసుకొంటే నువ్వు బయటపడవచ్చు."

కట్టు తీయించిన సంగతి నాకు తెలియకపోవడం నిజం. తెలుసుకోవాలని ఒక్కనాడైనా చూడకపోవడం అంతకన్నా నిజం. లైసెన్సు రాని పిల్లవాడికి బండి యివ్వాలనే గదా, వెదికి వెదికి యీ బండి కొన్నాను!

ఆ రాత్రి మా యింట్లో యెవరూ అన్నం తినలేదు. 25 అని కాగితం వుంది. కట్టు మళ్ళీ బిగించడానికి అయిదువందలు చాలు. ఆ ఆలోచన నాకు రాలేదని వ్రాస్తే మీరు నమ్మరు, నమ్మనక్కరలేదు. ఉద్యోగం గుర్తుకొచ్చింది. వాడి చదువు గుర్తుకొచ్చింది. చాలాసేపటికి మా ఆవిడ, "ఆమె మన చేలో పనికి వచ్చినపుడు నేను చెంబుతో నీళ్ళిచ్చేదాన్ని. రేపు యే ముఖంతో యిస్తాను?" అన్నది. అంతే అన్నది. మావాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు గాని నిద్రపోలేదు.

తెల్లవారి వాణ్ణి తీసుకొని పోలీసుస్టేషనుకు పోయి జరిగింది జరిగినట్టు చెప్పించాను. బండిని వారి ఆవరణలోనే వదిలి వచ్చాను. అక్కడనుంచి ఆసుపత్రికి పోయి ఆమె కొడుకును వరండాలోకి పిలిచాను. నా సర్వీసులో ఎన్నో పాఠాలు చెప్పాను గాని, నామీద నేనే చెప్పుకొన్న పాఠం అదొక్కటే.

"ముప్పైవేల మాట మరిచిపో అబ్బీ. మీ అమ్మకు హక్కు వుంది. నువ్వు వుండే చోటికి సంబంధించిన ట్రిబ్యునలులోనే అర్జీ పెట్టుకోవచ్చు. ఆరునెలల గడువని చట్టంలో వుంది. ఆ గడువు చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టుకు పోయింది. గడువు దాటిందని అర్జీలు తోసివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు కూడా వచ్చింది. దాన్ని నమ్ముకొని కూర్చోవద్దు, ముందే వేయించు. వైద్యం ఖర్చే కాదు, పోయిన కూలి అడగవచ్చు, దగ్గరుండి చూసుకొనేవారి ఖర్చు అడగవచ్చు, పడిన బాధకూ అడగవచ్చు. కాలు యెంత వంకరపోయిందని కాదు, ఆ కాలితో ఆమె పని యెంత పోయిందని చూడాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. వంగి కలుపు తీయలేని కాలు కూలిమనిషికి యెంత నష్టమో లెక్కకట్టమని అడుగు. లాయరుకు డబ్బు అక్కరలేదు. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవా సంఘంవారు ఉచితంగా లాయరును యిస్తారు, 15100కు ఫోను చేసినా చెబుతారు. తెల్లకాగితం మీద మాత్రం యెవరు చెప్పినా, నేను చెప్పినా, మీ అమ్మచేత వేలిముద్ర వేయించవద్దు."

అతను చాలాసేపు నా ముఖం చూశాడు. "ఎవరిమీద సారూ కేసు?" అన్నాడు.

"నామీదే" అన్నాను.

వూళ్ళో కొందరు నన్ను పిచ్చివాడన్నారు. పెద్దమనుషులకు కోపం వచ్చింది. కాని ఒక సంగతి జరిగింది. వారం తిరక్కముందే మా వీధిలో ముగ్గురు తండ్రులు పిల్లల బండ్లను తామే నడిపి చూశారు. ఇద్దరి బండ్లకు కట్టు లేదు. మా యింటికి వచ్చి, యేం చేయాలని అడిగారు. ఇది చదివే తల్లిదండ్రులకు కూడా నేను చెప్పేది అదే. కాగితం చదివి వూరుకోవద్దు, ఖాళీ రోడ్డుమీద ఒకసారి మీరే నడిపి చూడండి. కొనేదయితే నంబరు పలక వున్న బండే కొనండి. బీమాకు కట్టే సొమ్ము మనకోసం కాదు, మన బండి కింద పడబోయే మనిషికోసం. ఆ బండి యజమాని తానే నడుపుతూ ప్రమాదానికి గురై ప్రాణం పోతే అతని కుటుంబానికి 15 లక్షల సొంత ప్రమాద బీమా వుంది, దాన్నీ విడిచిపెట్టవద్దు. మోటారు బండి గుద్దితే, 2025 మే నుంచి వచ్చిన పథకం కింద ఆసుపత్రిలో ఏడురోజులదాకా లక్షన్నర వరకు డబ్బు కట్టకుండా వైద్యం పొందవచ్చు. గుద్దినవాడు చీకట్లో పారిపోయినా, ప్రాణం పోయినవారికి 2 లక్షలు, తీవ్రగాయమైనవారికి 50,000 ప్రభుత్వం యేర్పరచిన నిధినుంచి వస్తాయి. ఇవి యెవరో దయతలచి యిచ్చేవి కావు.

మా కేసు ట్రిబ్యునలులో నడుస్తున్నది. మావాడు తండ్రితోపాటు బాలల న్యాయమండలి ముందుకు పోయి వచ్చాడు, యింకా పోవాలి. నామీది కేసు యేమవుతుందో న్యాయమూర్తి చేతిలో వుంది. కేసు తేలేదాకా ఆమెకు పోయిన కూలి నెలనెలా బ్యాంకులో వేస్తున్నాను. తరువాత పరిహారంలో లెక్కకు వస్తుందని లాయరు అన్నాడు. వస్తే రానీ, రాకపోతే పోనీ. అరటితోటలో నా పాలు అమ్మవలసి రావచ్చు. మా ఆవిడ అందుకు సిద్ధంగానే వుంది.

'అక్కర' అనే మాటకు మన తెలుగులో అవసరమనే కాదు, ఒకరిమీద మరొకరికుండే పట్టింపు అని కూడా అర్థముంది. ఫలానావాడికి అక్కవాళ్ళ మీద అక్కర లేదు అంటాం. దుకాణంలో ఆ మూడు మాటలు విన్ననాడు ఈ రెండో అర్థం నాకు తట్టి వుంటే బాగుండేది.

మొన్న ప్రొద్దున మేమిద్దరం యెప్పటిలాగా బస్సుకోసం నడిచి పోతున్నాం. ఆమె తన యింటి అరుగుమీద కూర్చొని వుంది, చేతికర్ర గోడకు ఆనించి వుంది. యిప్పుడు నాలుగడుగులు వేయగలదు, వంగలేదు. మావాడు ఆమె యింటి ముందుకు వచ్చేసరికి తల వంచుకొని నడుస్తాడు. ఆ రోజూ అలాగే పోతుంటే ఆమె చెవి ఒగ్గి విని, వాణ్ణి పిలిచింది.

"అబ్బీ, బిరబిర నడువు. బస్సు సద్దయితాంది."